మన ఊళ్ల దారులకు ఏ మ్యాప్, ఏ ఫోన్?

ఫోన్ కొట్లో కెమెరా గురించి, బ్యాటరీ గురించి అందరూ అడుగుతారు. దారి ఎలా చూపిస్తుందని అడిగేవాళ్లు తక్కువ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బండి మీద తిరిగి బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. మందుల కంపెనీ రెప్‌లు, పార్సిల్ డెలివరీ కుర్రాళ్లు, కిస్తీల వసూళ్లకు వెళ్లేవాళ్లు, కారు కిరాయికి తోలేవాళ్లు. వీళ్లకి రోజంతా మ్యాప్‌తోనే పని. అయినా ఫోన్ మార్చే సమయానికి వీళ్లు కూడా "ఐఫోనా, ఆండ్రాయిడా?" అన్న ఒక్క ప్రశ్న దగ్గరే తిరుగుతుంటారు.

నేను చెప్పేది ఒకటే. ముందు మీ దారులకు పనికొచ్చే మ్యాప్ ఏదో తేల్చుకోండి. ఫోన్ సంగతి తర్వాత. గూగుల్ మ్యాప్స్ రెండు రకాల ఫోన్లలోనూ నడుస్తుంది, వెనక ఉన్న సమాచారం రెండింటికీ ఒకటే. వజ్రపుకొత్తూరు మండలంలో ఏదో ఊరికి వెళ్లే సీసీ రోడ్డు ఆ మ్యాప్‌లో లేకపోతే లక్ష రూపాయల ఐఫోన్‌లోనూ ఉండదు, పది వేల ఆండ్రాయిడ్‌లోనూ ఉండదు. తేడా వచ్చేది ఫోన్‌తో పాటు వచ్చే సొంత మ్యాప్‌లో, ఫోన్ లోపలి పరికరాల్లో, ఎండకీ కుదుపుకీ అది తట్టుకునే తీరులో.

ముందు మ్యాప్‌లు

గూగుల్ మ్యాప్స్‌ని మన ప్రాంతంలో ముందు నిలబెట్టేది దాని అందం కాదు. చిన్న ఊళ్లు, ఊళ్లలోని కొట్లు, గుళ్లు, బళ్లు, పెట్రోలు బంకులు అందులో ఎక్కువగా ఉంటాయి. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి వాటిని చేర్చి ఉంటారు. రెండో కారణం బైక్ మోడ్. 2017 డిసెంబరులో గూగుల్ దీన్ని మన దేశంలోనే మొదలుపెట్టింది. కారుకి ఒక దారి, బండికి ఒక దారి, సమయం కూడా వేరుగా లెక్క కడుతుంది. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస మీదుగా పాలకొండ వైపు రోజూ బండి మీద వెళ్లే మనిషికి కారు లెక్కతో చెప్పే సమయం పెద్దగా ఉపయోగపడదు. మూడోది తెలుగు. 2018 నుంచి గూగుల్ మ్యాప్స్ తెలుగులో మలుపులు చెబుతోంది. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని "కుడివైపు తిరగండి" అని వింటూ వెళ్తే మాటిమాటికీ తెర వైపు చూసే పని తప్పుతుంది. ఇంగ్లీషు గొంతు మన ఊళ్ల పేర్లు పలికితే ఏ ఊరో అర్థం కావడానికే ఒక మలుపు దాటిపోతుంది.

బైక్ మోడ్‌తో ఒక జాగ్రత్త అవసరం. దగ్గరి దారి అని కాలువ గట్టు మీదకో, పొలాల మధ్య మట్టి బాట మీదకో తీసుకెళ్లే అవకాశం ఉంది. ఎండాకాలంలో ఇబ్బంది లేదు. వానాకాలంలో వంశధార, నాగావళి కాలువల గట్ల మీద ఆ బాటే చక్రం దిగబడే బురద. రెండు దారుల మధ్య తేడా ఐదారు నిమిషాలే అని మ్యాప్ చెబుతుంటే వానల్లో తారు రోడ్డే పట్టుకోండి.

యాపిల్ మ్యాప్స్ కథ వేరు. 2012లో యాపిల్ తన ఫోన్లలో గూగుల్ మ్యాప్‌ని తీసేసి సొంత మ్యాప్ పెట్టింది. అందులో ఎన్ని తప్పులు దొర్లాయంటే, కంపెనీ అధిపతి టిమ్ కుక్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, ఇది బాగుపడేదాకా వేరే యాప్‌లు వాడుకోండి అని తానే సూచించారు. ఆ డిసెంబరులోనే గూగుల్ మ్యాప్స్ ఐఫోన్‌కి విడి యాప్‌గా తిరిగి వచ్చింది. ఆ తర్వాత యాపిల్ చాలా శ్రమ పెట్టింది. మ్యాప్స్ పని కోసం 2016లో హైదరాబాద్‌లో ఆఫీసు కూడా తెరిచింది. మన దేశంలో మలుపు మలుపుకీ దారి చెప్పడం 2019లో మొదలైంది. ఇప్పుడు చూడటానికి హాయిగా ఉంటుంది, తెర మీద గందరగోళం తక్కువ. విశాఖపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా జాతీయ రహదారి మీద నేరుగా వెళ్లే కారుకి అది చాలు. హైవే దిగి కంచిలి, కవిటి వైపు తిరిగితే మాత్రం దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. చిన్న ఊళ్లలోని చోట్లు అందులో పలచగా ఉంటాయి, బండికి ప్రత్యేక దారి లేదు. ఐఫోన్ కొన్నవాళ్లు మొదటి రోజే గూగుల్ మ్యాప్స్ దింపుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన లొకేషన్ నొక్కితే ఎందులో తెరవాలని అడుగుతుంది కాబట్టి అప్పుడు గూగుల్‌నే ఎంచుకోవచ్చు. కానీ మెసేజ్‌లోనో కాంటాక్ట్‌లోనో ఉన్న చిరునామా నొక్కితే నేరుగా యాపిల్ మ్యాప్‌లోకే పోతుంది. ఇది గుర్తుంచుకోవాలి.

మ్యాపుల్స్ మన దేశపు మ్యాప్. 1995లో మొదలైన మ్యాప్‌మైఇండియా కంపెనీ తీసుకొచ్చింది. పెద్ద కూడళ్ల దగ్గర ఏ వరుసలో ఉండాలో, ఎక్కడ పక్కకు దిగాలో బొమ్మ వేసి చూపిస్తుంది. స్పీడ్ బ్రేకర్లు, గుంతల గురించి ముందే హెచ్చరిస్తుంది. హైవే మీద ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద సర్వీసు రోడ్డు పట్టాలా అన్న అనుమానం ఎక్కువమందికి వస్తుంది. ఒకసారి పైకి ఎక్కేశాక చిలకపాలెంలోనో నరసన్నపేటలోనో దిగాల్సిన మనిషి ముందుకెళ్లి వెనక్కి తిరిగి రావాలి. పై రోడ్డు, కింది రోడ్డు మ్యాప్ మీద దాదాపు ఒకే చోట ఉంటాయి కాబట్టి మీరు దేని మీద ఉన్నారో తేల్చడంలో ఏ ఫోనైనా అక్కడ తడబడవచ్చు. అలాంటి చోట ముందుగానే బొమ్మ చూపించే మ్యాప్ ఉంటే మేలు. కారు కిరాయికి తోలేవాళ్లు గూగుల్‌తో పాటు దీన్ని కూడా పెట్టుకోవాలి. కొట్టు పేరు వెతికే పనికి మాత్రం గూగులే నయం.

పేర్లతో వచ్చే చిక్కు

మన దగ్గర దారి తప్పడానికి సగం కారణం ఊరి పేరే. కొత్తవలస, కొత్తూరు, సీతంపేట, రామచంద్రపురం లాంటి పేర్లు ఒకచోట ఉండి ఊరుకోవు. పేరు కొట్టగానే పైన వచ్చినదాన్ని నొక్కేసి బయల్దేరితే, వేరే జిల్లా ఊరికి దారి పడుతుంది. బయటి నుంచి రైల్లో వచ్చేవాళ్లకు ఇంకో చిక్కు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక ఈ పేర్ల చిక్కు ఇంకా పెరిగింది. రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. పార్సిల్ మీద, పాత కాగితాల మీద పాత జిల్లా పేరే ఉంటోంది.

అందుకే వెతికేటప్పుడు ఊరి పేరు పక్కన మండలం పేరు తప్పకుండా చేర్చండి. జిల్లా పేరు కంటే అదే నమ్మకమైనది. వెళ్లాల్సిన ఇంటివాళ్లని "లొకేషన్ పెట్టండి" అని అడగడం ఇంకా మంచిది. తలుపు నంబరు లేని కాలనీ ఇంటికి, తోటలో ఉన్న ఇంటికి అదే చిరునామా. అయితే వాళ్లు ఇంట్లో ఉండి పంపాలి, బజారులో ఉండి పంపితే మీరు బజారుకే చేరతారు.

పెద్దవాళ్లకు ఈ విషయంలో ఆండ్రాయిడ్ సులువు. గూగుల్ కీబోర్డులో 2017 నుంచి తెలుగులో మాట్లాడితే రాసుకునే సదుపాయం ఉంది. మైకు గుర్తు నొక్కి "మందస మండలం" అంటూ ఊరి పేరు చెప్పేస్తే వెతుకుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు ఎలా రాయాలా అని ఆలోచించే పని లేదు. మా వైపు అమ్మలూ నాన్నలూ ఎక్కువమంది ఫోన్‌లో టైపు చేయరు, మాట్లాడతారు. వాళ్లకి ఫోన్ కొనిచ్చే పిల్లలు ముందు చూడాల్సింది ఇదే.

సిగ్నల్ లేనప్పుడు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అలాంటి సమయంలో నెట్ మీద నడిచే మ్యాప్ తెరిస్తే తెల్ల కాగితమే కనిపిస్తుంది. తుపాను లేని రోజుల్లో కూడా సీతంపేట కొండల్లో, సాలూరు దాటి ఒడిశా వైపు ఎక్కే ఘాట్‌లో సిగ్నల్ వచ్చి పోతుంటుంది. నా దృష్టిలో మ్యాప్‌ని తూచే అసలైన పరీక్ష ఇదే, నెట్ లేకుండా ఎంత పనిచేస్తుంది అన్నది.

చాలామంది అనుకునేది ఒకటుంది, నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదని. అది నిజం కాదు. ఫోన్ నేరుగా ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకుంటుంది. సిమ్ తీసేసినా మీరు ఎక్కడున్నారో దానికి తెలుస్తుంది. నెట్ ఉంటే ఉపగ్రహాలు త్వరగా దొరుకుతాయి, అంతే. లేనిది మ్యాప్ బొమ్మ. దాన్ని ముందే దింపి పెట్టుకుంటే చాలు.

గూగుల్ మ్యాప్స్‌లో మీ బొమ్మ నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది. ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఒక ముక్క, విజయనగరం, సాలూరు వైపు ఒక ముక్క వైఫై మీద దింపుకోవచ్చు. నెట్ లేనప్పుడు అది కారు దారి చెబుతుంది, ట్రాఫిక్ చెప్పదు, నడక దారి చెప్పదు. యాపిల్ మ్యాప్స్‌లో ఈ సదుపాయం 2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో వచ్చింది, నడక దారి కూడా చెబుతుంది. కానీ పైన చెప్పిన లోటు, ఊళ్ల వివరాలు పలచగా ఉండటం, ఇక్కడా వెంటాడుతుంది.

ఈ పనికి నాకు బాగా నచ్చింది ఆర్గానిక్ మ్యాప్స్. రెండు రకాల ఫోన్లలోనూ ఉచితం, ప్రకటనలు లేవు, మొదటి నుంచీ నెట్ లేకుండా నడవడానికే తయారైంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద ఆధారపడుతుంది. ఎవరైనా రోడ్లు గీసి చేర్చగలిగే మ్యాప్ అది. కాబట్టి ఎవరో శ్రద్ధగా గీసిన ఊళ్లు చక్కగా ఉంటాయి, ఎవరూ పట్టించుకోని ఊళ్లు ఖాళీగా ఉంటాయి. కొట్ల పేర్లు ఇందులో వెతకొద్దు. మహేంద్రగిరి వైపు నడిచి ఎక్కేవాళ్లు, ఏజెన్సీ ఊళ్లకు వెళ్లే ఆరోగ్య సిబ్బంది, టీచర్లు దీన్ని రెండో మ్యాప్‌గా ఉంచుకోవాలి. మీ ఊరి దారుల వివరాలు మీరే చేర్చాలనుకుంటే ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ ఉంది. నిలబడ్డ చోట చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది, జవాబులు మ్యాప్‌లోకి చేరతాయి. చదువుకునే పిల్లలు సెలవుల్లో సొంత ఊరికి ఈ పని చేస్తే ఎంత బాగుంటుందో.

ఇక ఫోన్

ఐఫోన్ కొంటే లోపల ఏ పరికరాలు ఉన్నాయో వెతుక్కోవాల్సిన పని లేదు. దిక్సూచి 2009 నుంచి, ఫోన్ ఎటు తిరుగుతోందో పట్టే గైరోస్కోప్ 2010 నుంచి ప్రతి కొత్త ఐఫోన్‌లోనూ ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో బాగా తక్కువ ధర ఫోన్లు కొన్నింటిలో గైరోస్కోప్ ఉండదు, ఒక్కోసారి దిక్సూచి కూడా ఉండదు. అప్పుడు బండి కదిలేదాకా బాణం ఎటు చూస్తోందో తెలియదు. విజయనగరం గంటస్తంభం దగ్గర ఆగి, ఏ సందులోకి తిరగాలా అని చూసుకునేటప్పుడు ఈ లోటు బాగా తెలుస్తుంది. కాబట్టి ఆండ్రాయిడ్ కొనేవాళ్లు డబ్బా మీదో, కంపెనీ ఇచ్చే వివరాల్లోనో ఈ రెండు పేర్లూ ఉన్నాయో లేదో చూడాలి.

రెండోది, జీపీఎస్ రెండు ఫ్రీక్వెన్సీల మీద పనిచేస్తుందా అన్నది. ఎల్1తో పాటు ఎల్5 కూడా అందుకునే ఫోన్ చెట్ల కింద, మేడల మధ్య, కొండ మలుపుల్లో తక్కువగా తడబడుతుంది. ఆండ్రాయిడ్‌లో ఇది 2018లోనే షావోమీ ఎంఐ 8తో వచ్చింది. ఐఫోన్‌లో 2022లో 14 ప్రోతో మొదలైంది. జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ పెడితే మీ ఆండ్రాయిడ్ ఏయే ఉపగ్రహాలను, ఏ ఫ్రీక్వెన్సీ మీద అందుకుంటోందో తెర మీదే కనిపిస్తుంది. ఐఫోన్‌లో యాప్‌లకు ఆ వివరాలు అందవు.

జీపీఎస్ లాంటిదే, మన ఇస్రో వారి ఉపగ్రహ వ్యవస్థ నావిక్ ఉందా అని కూడా అడుగుతున్నారు. 2020 జనవరిలో చిప్‌ల కంపెనీ క్వాల్‌కామ్ ప్రకటించిన స్నాప్‌డ్రాగన్ 720జీ లాంటి చిప్‌లతో అది మధ్యస్థ ఆండ్రాయిడ్ ఫోన్లలోకి వచ్చింది, 2023లో ఐఫోన్ 15 ప్రోలో చేరింది. ఉంటే సంతోషం, మన దేశపు వ్యవస్థ కాబట్టి నాకూ ఇష్టమే. కానీ ఒక్క నావిక్ కోసమే ఫోన్ మార్చొద్దు. మన పొలాల మీద ఆకాశం తెరిచే ఉంటుంది, జీపీఎస్ ఒక్కటే ఉన్నా దారి చెప్పేంత ఖచ్చితత్వం వస్తుంది.

బండి హ్యాండిల్‌కి ఫోన్ బిగించేవాళ్లు ఐఫోన్ విషయంలో ఒక సంగతి తెలుసుకోవాలి. పెద్ద ఇంజన్ల బైక్‌ల కుదుపు కెమెరాలోని కదిలే భాగాల్ని దెబ్బతీయవచ్చని 2021లో యాపిల్ తానే హెచ్చరించింది. స్కూటర్ల వంటి చిన్న బండ్ల మీద కూడా కుదుపు తగ్గించే స్టాండ్ వాడమంది. కెమెరాలో అదే రకం కదిలే భాగాలున్న ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఈ జాగ్రత్త మంచిదే. ఎండ సంగతి కూడా ఉంది. 35 డిగ్రీల దాకానే తమ ఫోన్ వాడమని యాపిల్ చెబుతుంది. మే నెలలో మన రోడ్ల మీద ఆ 35 ఎప్పుడో దాటిపోతుంది. వేడెక్కిన ఏ ఫోనైనా తెర వెలుగు తగ్గించుకుంటుంది, ఆ వెలుగులో మ్యాప్ కనిపించదు. నేను చెప్పేది: ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఏదైనా ఉంటే మ్యాప్ దింపి దాన్ని బండికి బిగించండి, మంచి ఫోన్ జేబులో ఉంచుకోండి. పాతదానికి సిమ్ కూడా అక్కర్లేదు.

ఆండ్రాయిడ్‌లో ఒక బాధ మాత్రం ఉంది. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ మిగిల్చే పేరుతో తెర ఆపగానే మ్యాప్‌ని కూడా ఆపేస్తాయి. గొంతు మధ్యలో ఆగిపోతుంది, మలుపు దాటిపోయాక గానీ తెలియదు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ విభాగంలోకి వెళ్లి మ్యాప్ యాప్‌కి ఏ పరిమితీ లేకుండా చేయాలి. ఐఫోన్‌లో ఈ టెన్షన్ లేదు.

ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారో చూసుకోవడానికి యాపిల్ వారి ఫైండ్ మై బాగుంటుంది, కానీ అందరి దగ్గరా యాపిల్ పరికరాలే ఉండాలి. మన ఇళ్లలో అలా ఉండదు. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎనిమిది గంటల దాకా నడుస్తుంది, ఏ ఫోన్‌కైనా సరిపోతుంది.

ఏ మ్యాప్‌కీ తెలియనివి

దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు మూడు లాంతర్ల నుంచి కోట దాకా బండి కదలదు. రథసప్తమి నాడు అరసవల్లి దారి అంతే. ట్రాఫిక్ రంగు ఎలా వస్తుందంటే, ఆ రోడ్డు మీద ఉన్న ఫోన్లు ఎంత వేగంగా కదులుతున్నాయో చూసి మ్యాప్ లెక్క కడుతుంది. రోడ్డు మూసేస్తే ఫోన్లే ఉండవు, లేదా నడిచే జనం ఫోన్లు ఉంటాయి. ఇటువంటి రోజుల్లో పోలీసులు ముందు రోజు చెప్పే దారి మళ్లింపులు చదువుకోవడమే మార్గం. పల్లె రోడ్ల మీదా ఇదే లోటు, ఫోన్లు తక్కువ కాబట్టి మ్యాప్ చెప్పే సమయం అంచనా మాత్రమే.

ప్రాణం మీదకు వచ్చే సంగతి వంతెనలది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, వరదకు కొంత భాగం కొట్టుకుపోయిన వంతెన మీంచి కారు నదిలో పడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు మ్యాప్ చూసుకుంటూ వెళ్లారని వార్తలు వచ్చాయి. మన దగ్గర నాగావళి, వంశధార, చంపావతి పొంగినప్పుడు కాజ్‌వేలు మునుగుతాయి, మ్యాప్‌లో అవి మామూలు రోడ్లలాగే కనిపిస్తాయి. వాన రోజు రాత్రి తెలియని దారిలో గెడ్డ (వాగు) ఎదురైతే బండి ఆపి, పక్క ఊళ్లో "బాబూ, ఈ దారి వెళ్తుందా?" అని అడిగి కదలండి. ఎంత ఆలస్యమైనా సరే.

ఎవరికి ఏది

బండి మీద పల్లెలు తిరిగేవాళ్లు మధ్యస్థ ధర ఆండ్రాయిడ్ తీసుకోండి. గైరోస్కోప్, దిక్సూచి, వీలైతే రెండు ఫ్రీక్వెన్సీల జీపీఎస్, ఎండలో కనిపించే తెర, పెద్ద బ్యాటరీ ఉండేలా చూసుకోండి. ఐఫోన్ ధరలో సగానికి లోపే ఇవన్నీ దొరుకుతాయి, మిగిలిన డబ్బుతో మంచి స్టాండ్, హెల్మెట్ కొనుక్కోవచ్చు. కారు తోలేవాళ్లకు ఫోన్ మ్యాప్‌ని కారు తెర మీద చూపించే కార్‌ప్లే (ఐఫోన్‌కి), ఆండ్రాయిడ్ ఆటో రెండూ బాగానే ఉంటాయి, చేతిలో ఏ ఫోన్ ఉంటే అది చాలు. ఐఫోన్ ఇష్టపడి కొనేవాళ్లని నేను వద్దనను. ఏళ్ల తరబడి అప్‌డేట్లు వస్తాయి, 2018 నాటి ఐఫోన్ ఎక్స్ఎస్‌కి కూడా ఐఓఎస్ 18 వచ్చింది. దారి కోసం మాత్రం అందులోనూ గూగుల్ మ్యాప్సే వాడండి. అమ్మానాన్నలకు, తెలుగులో మాట్లాడి వెతుక్కునేవాళ్లకు ఆండ్రాయిడే.

డబ్బు కట్టే ముందు కొట్టువాణ్ని అడిగి ఫోన్‌ని బయటకు తీసుకురండి. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర చదవగలుగుతున్నారా చూడండి. మ్యాప్ తెరిచి నిలబడ్డ చోటే చుట్టూ తిరగండి, మీతో పాటు బాణం తిరగాలి. తెలుగు గొంతు పెట్టి ఒక దారి వినండి. మీ ఊరి పేరు, మండలం పేరు కొట్టి చూడండి. కొన్నాక ఇంటి వైఫై మీద జిల్లా మ్యాప్ దింపుకుని, డేటా ఆపేసి, తెలిసిన దారిలో ఒకసారి వెళ్లి రండి. తెలియని దారికి ఆ తర్వాతే బయల్దేరండి.